గిల్డు అంటే మన యూనియన్ లాంటిదేనా?
(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి తరగతిలో ఒక సోదరుడు ఒక ప్రశ్న వేశారు. వాళ్ల అబ్బాయి చరిత్ర పుస్తకంలో "గిల్డు అంటే వృత్తిదారుల సంఘం" అని ఉందట. "అయితే అది మన యూనియన్ లాంటిదేనా?" అన్నారు. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఈ రోజు చెబుతాం.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం చూడండి. 14వ శతాబ్దంలో అక్కడ ఉన్ని బట్ట పెద్ద పరిశ్రమ. ఊళ్లో 21 గిల్డులు: పెద్దవి 7, చిన్నవి 14. గిల్డు సభ్యుడికే ప్రభుత్వంలో పదవి. మరి ఉన్ని గిల్డులో సభ్యులెవరు? ఉన్ని కొని, పని పంచి, బట్ట అమ్ముకునే యజమానులు! ఉన్ని కడిగేవాడు, దువ్వేవాడు (మన కార్డింగ్ డిపార్టుమెంటు వాళ్లనుకోండి), ఇంట్లో కూర్చుని వడికే ఆడవాళ్లు, వీరెవరూ సభ్యులు కారు. వీళ్లను "సోత్తోపోస్తి" అనేవారు. కింద ఉంచబడినవారని అర్థం. గిల్డులో చోటు లేదు గాని, గిల్డు వేసే శిక్షలకు మాత్రం లోబడాలి. దానికోసం ఒక అధికారినే పెట్టారు.

సొంతంగా సంఘం పెట్టుకుంటే నేరం. 1345లో చ్యూతో బ్రాందీని అనే ఉన్ని దువ్వే కార్మికుడు ఆ ప్రయత్నం చేస్తే రాత్రిపూట పట్టుకుపోయారు. విడిచిపెట్టమని తోటివాళ్లు పని మానేశారు. అయినా ఉరితీశారు.

అన్ని ఊళ్ల గిల్డులూ ఇలాగే ఉండేవని మేము అనటం లేదు. చిన్న వృత్తుల్లో మేస్త్రీ కూడా తన చేతులతో పనిచేసేవాడు. కాని ఫ్లోరెన్స్ ఉన్ని గిల్డు మాత్రం యజమానుల సంఘమే. పరీక్షలో మాత్రం అబ్బాయిని పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, మార్కులు పోతాయి.

ఆ ఊరివాళ్లు ధనికులను "పోపోలో గ్రాస్సో", అంటే బలిసిన జనం అనేవారు. కష్టజీవులు "పోపోలో మినూతో", చిన్న జనం. ఉన్ని కార్మికులకు "చోంపీ" అని ఇంకో పేరు.

1378 జూలైలో ఈ చోంపీలు తిరగబడి ప్రభుత్వ భవనాన్ని పట్టుకున్నారు. ఉన్ని దువ్వే మికేలే ది లాందో ప్రభుత్వాధినేత అయ్యాడు. శిక్షలు వేసే ఆ అధికారి పోవాలన్నారు. మాకూ గిల్డు కావాలన్నారు. యజమానులు ఇష్టమున్నా లేకున్నా నెలకు 2000 తానుల బట్ట తీయాలన్నారు. ఈ చివరి కోరికలోనే వాళ్ల తెలివి ఉంది. పని ఆపేస్తే కార్మికుడి పొయ్యి ఆరిపోతుందని యజమానికి తెలుసు. లాకౌట్లు చూసిన మీకు వేరే చెప్పాలా!

కొత్తగా మూడు గిల్డులు వచ్చాయి. రంగులద్దేవారికి ఒకటి, దుస్తులు కుట్టేవారికి ఒకటి, మిగిలిన చోంపీలకు ఒకటి. యజమానులు పనిశాలలు మూసి కూర్చున్నారు. ఆకలికి తాళలేక చోంపీలు ఆగస్టు చివర మళ్లీ వీధిన పడ్డారు. ఆగస్టు 31న మిగతా గిల్డులన్నీ ఒక్కటై వారిని అణచివేశాయి. ఆ బలగానికి ముందు నడిచింది మికేలే ది లాందోయే.

చోంపీల గిల్డు రద్దయింది. రంగులద్దేవారి గిల్డు, కుట్టేవారి గిల్డు మాత్రం నిలిచి, పెద్దలతో పదవులు పంచుకున్నాయి. 1382లో పెద్ద గిల్డులు తిరిగి బలం పుంజుకొని ఆ రెంటినీ రద్దు చేశాయి.