టైంటేబుల్లో చోటు



ఇవాళ పట్టాలు అందుకున్న మీకు ఉద్యోగాల సంగతి బాగా తెలుసు. నేను ఒక బడి గురించి చెబుతాను. మెల్‌బోర్న్‌లో యూదులు 1949లో మౌంట్ స్కోపస్ మెమోరియల్ కాలేజ్ తెరిచారు. పేరుకు కాలేజే గానీ అది పసిపిల్లల నుంచి పన్నెండో తరగతి దాకా చదివించే ప్రైవేటు బడి. యూరప్‌లో 60 లక్షల మంది యూదులను బలితీసుకున్న యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్లే. చావు తప్పించుకుని ఓడలెక్కిన వాళ్లెందరో ఆ ఊరు చేరారు. ఆ బడిలో లెక్కలు, సైన్సు అన్ని బడుల్లాగే చెబుతారు. వాటి సరసనే హీబ్రూకీ, యూదుల చరిత్రకీ పీరియడ్లు ఉంటాయి. సెలవురోజు మిగిలిన గంట కాదు, టైంటేబుల్లో చోటు. భాషను నిలబెట్టుకునే అసలు కిటుకంతా అక్కడే ఉంది.

మనమున్న ఈ టూవూంబా ఊళ్లోనూ 1870లలోనే యూదులు ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. సొంత బడి నడిపేంత జనం మాత్రం లేరు. ఆ సమాజం ఇక్కడ నిలవలేదు. బడి లేకపోవడమే కారణమని అనను. పెద్ద ఊళ్లు పిల్లల్ని లాక్కుపోతాయి, రేపు మిమ్మల్నీ లాక్కుపోతాయి.

మౌంట్ స్కోపస్ లాంటి బడిలో ఒకే మతం పిల్లలు ఒకే ప్రహరీలో పెరగడం నాకు అంతగా నచ్చదు. అక్కడి ఫీజులూ సామాన్యులు మోయగలిగినవి కావు. మరి పిల్లలకు భాష నేర్పడం డబ్బుంటేనే అవుతుందా? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారు. చాలామంది కూలి చేసుకుని బతికే దళితులు. 1990లలో చిన్న ప్రార్థనా మందిరం పెట్టుకుని, అందులోనే పిల్లలకు హీబ్రూ అక్షరాలు దిద్దించారు. ఇంట్లో తెలుగు, మందిరంలో హీబ్రూ!

మీలో సీసీఎల్ అనే దుభాషి పరీక్ష తెలుగులో పాసై, ఇక్కడ శాశ్వత నివాసం (పీఆర్) కోసం 5 పాయింట్లు సంపాదించినవాళ్లు తక్కువేం లేరు. నవ్వుతున్నారంటే నిజమే అన్నమాట. ఆ తెలుగు ఇక్కడ పుట్టే పిల్లలకు ఎవరు చెబుతారు? తెలుగు బడి కోసం ఒక గది అద్దెకు తీసుకోవడం, పలకలు కొనడం మా పెద్దల పని. వారంలో రెండు సాయంత్రాలు వచ్చి అక్షరాలు దిద్దించడానికి మాకు మీరు కావాలి. బయట టీ బల్ల దగ్గర ఒక పుస్తకం పెట్టాం. వెళ్లేటప్పుడు పేరు, ఫోన్ నంబరు, మీకు వీలయ్యే రోజులు అందులో రాసి వెళ్లండి.