పట్టాలో ఆమె పేరు

నల్లమలలో ఫర్హాబాద్ వ్యూపాయింట్ అంటే నాకు ప్రాణం. కెమెరా తగిలించుకుని అడవిలో నడుస్తుంటే ఇంటి పనులు గుర్తుండవు (ఇంట్లోవాళ్లకు గుర్తుంటాయనుకోండి!).

ఓసారి దారిలో తపసి బంక తెస్తున్న ఒక చెంచు అక్కను ఫొటో తీయబోయాను. కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆఫీసోళ్లకు చూపిస్తవా?" అంది. సిగ్గేసి కెమెరా దించేశాను. టికెట్టు కొనుక్కుని వచ్చిన నాకు లేని భయం, అక్కడే పుట్టిన ఆమెకెందుకు? 2006 అటవీ హక్కుల చట్టం బంక, తేనె వంటివి సేకరించి అమ్ముకునే హక్కును గుర్తించింది. సాగుభూమి పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలంది. ఆ మాటే చెప్పి, "నీ పేరుందా?" అని అడిగాను.

"నా పేరెందుకుంటది?" అని నవ్వింది.

మళ్లీ వెళ్లినప్పుడు కెమెరా సంచిలో ఆ చట్టం తెలుగు ప్రతి పెట్టుకున్నాను. ఆమెకు చదువు రాదు. చెట్టు కింద కూర్చుని నేనే చదివి వినిపించాను. నాలుగో సెక్షన్ దగ్గర "మళ్ల చదువు" అంది.