ముల్లు అరిగితే పాట అరుగుతుంది
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పంచాంగ శ్రవణమూ, కవి సమ్మేళనమూ జరిగిన వేదిక మీద గ్రామఫోను ముల్లును గురించి ఉపన్యాసమేమిటని కొందరు నవ్వుకొంటూ ఉండవచ్చు. కాని మన ఇళ్లలో చాలావాటిలో అటకల మీద పాత ప్లేట్లు ఉన్నవి. రంగస్థల పద్యాలు, హరికథలు, ఈ ఊరి స్టూడియోలలోనే రికార్డయిన తెలుగు సినిమా పాటలు వాటిలో ఉన్నవి. తెలుగు చదవడం రాని మనుమలకు మన పెద్దల ఉచ్చారణ చెవిని వేయగలిగినవి అవే. ఇటీవల పాత ప్లేయర్లను కిందికి దింపి, దుమ్ము దులిపి మళ్లీ పాడించే సరదా పెరిగినది. సంతోషమే. అయితే దుమ్ము దులిపిన వారిలో ముల్లును పరీక్షించిన వారెందరు? అందుకే ఈ నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

చాబీ తిప్పే పాత గ్రామఫోనుకు ఉక్కు ముల్లు ఉండేది. లక్కతో చేసిన 78 ప్లేటులో రాతిపొడి వంటి గరుకు పదార్థం కూడా కలిసి ఉంటుంది. అది ఉక్కును త్వరగా అరగదీస్తుంది. కనుకనే ఒక వైపు పాడగానే ముల్లు మార్చాలని పెద్దలు నియమం పెట్టుకొన్నారు. 1948లో అమెరికాలో కొలంబియా వారు నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును తెచ్చారు. దానితో గాడి సన్నబడినది. 78 ప్లేటుకు ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 70 మైక్రాన్లు కాగా, మోనో లాంగ్ ప్లేకు 25 మైక్రాన్లు. 1958లో బజారుకు వచ్చిన స్టీరియో రికార్డుకు అంతకన్న సన్ననిది కావలసి వచ్చినది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంత చిన్న మొనను నీలంతోనో వజ్రంతోనో చేస్తారు. దానిని సన్నని అల్యూమినియం కాడ చివర అంటిస్తారు. కాడ రెండవ కొసను చిన్న రబ్బరు పట్టి ఉంచుతుంది. గాడి వంపులకు కాడ ఊగుతుంది. ఆ ఊపు అయస్కాంతమూ తీగచుట్టల వల్ల విద్యుత్తు అవుతుంది. ఈ మొత్తం సరంజామాయే కార్ట్రిడ్జి.

వజ్రం అరుగుతుందా అని అడగవచ్చు. లెక్క వేసి చూడండి. 20 నిమిషాలు పాడే వైపున గాడి పొడవు సుమారు 430 మీటర్లు. 500 గంటలు పాడితే 1,500 వైపులు. అనగా దాదాపు 645 కిలోమీటర్లు. మన చెన్నపురి నుండి హైదరాబాదు వరకు సూదిమొన మీద నడిచినట్లు! మంచి వజ్రపు ముల్లుకు 500 నుండి 1,000 గంటలు ఆయుర్దాయమని సాధారణంగా చెబుతారు. నీలానికి అందులో పదవ వంతు కూడా కష్టమే.

అరిగిన మొన మొద్దుబారి ఊరుకోదు. గాడి రెండు గోడలను రాసుకొన్న చోట్ల చదునుగా తేలి, ఆ చదును అంచులు ఉలివలె పదునెక్కుతాయి. ఆ ఉలి గాడిలోని సన్నని నగిషీని చెక్కివేస్తుంది. ముందుగా పోయేవి స, శ, ష లు, అవి బుస్సుమంటాయి. ప్లేటు మధ్యకు వచ్చేకొద్దీ గొంతు బొంగురు పోతుంది. వినేవారు ప్లేటు పాతదనుకొంటారు, ముల్లును అనుమానించరు. ముల్లును మార్చవచ్చు, చెక్కుకుపోయిన గాడిని మార్చేవాడు లేడు.

ఇక చికిత్స. మొదట మెత్తని పొడి కుంచెతో వెనుక నుండి ముందుకు తుడవాలి. కొన్నిసార్లు మట్టి ముద్దే అరుగుదలగా తోస్తుంది. తరువాత 200 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శినిలో చూపించాలి. అయస్కాంతం కదిలే రకమైతే ముల్లు విడిగా ఊడి వస్తుంది. కొత్తది తొడిగితే చాలు. షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జిల తయారీ మానివేసినా, వాటికి సరిపోయే ముళ్లను జపానులో జికో వారు చేస్తున్నారు. వీరు 1873లో కుట్టుసూదులతో మొదలుపెట్టినవారట!

తీగచుట్ట కదిలే రకానికి ముల్లు ఊడదు. దానికి రీటిప్పింగు చేయించాలి. ఇది కత్తికి సాన పట్టడం వంటిది కాదు. నాగలికి కొత్త కర్రు వేయించడం వంటిది. ఇందులో మూడు విధాలున్నవి. పాత కాడకే కొత్త వజ్రం అంటించడం ఒకటి. కాడ వంగినా విరిగినా వజ్రంతో సహా కొత్త కాడ వేయడం రెండవది. గట్టిపడిన రబ్బరును కూడా మార్చి అంతా సరిచేయడం మూడవది. మన సముద్రపు ఊరి ఉక్కలో ఏళ్ల తరబడి పడి ఉన్నవాటికి రబ్బరు సంగతి తప్పక అడగాలి. రబ్బరు రాయిగా మారితే కొత్త వజ్రం కూడా గాడిని కొట్టుకొంటూ పోతుంది. తీగచుట్ట తెగి ఉంటే మొన మార్చి ప్రయోజనం లేదు. అది ముందే తేల్చుకోవాలి. క్రిస్టలు రకం కార్ట్రిడ్జిలోని రోషెల్ ఉప్పు తేమకు చెడుతుంది. దానికి మారు కార్ట్రిడ్జి వేయడమే మేలు.

ఈ పని ఇంట్లో జిగురు సీసాతో చేయదగినది కాదు. మొన ఇసుమంత పక్కకు వాలినా కుడిఎడమలు కలగాపులగమవుతాయి. పంపేటప్పుడు ఏ ప్లేట్లు పాడిస్తారో చెప్పండి: 78 ప్లేట్లకు ఒక ముల్లు, లాంగ్ ప్లేకు వేరొక ముల్లు. చాబీ గ్రామఫోను మీద లాంగ్ ప్లే పెట్టడం పాటను చేజేతులా చంపడమే.

మరమ్మతు ఖరీదు కొత్త కార్ట్రిడ్జితో సమానమైతే కొత్తదే కొనండి. పాత వస్తువు మీది మమకారం కన్న పాట మీది మమకారం పెద్దది కావలెను.

కడపట ఒక విన్నపం. మీ ఇంటి ప్లేట్లలో ఏవి అపురూపమో ముందు పట్టిక వ్రాసుకోండి. ముల్లు బాగున్నదని తేలేవరకు వాటిని పాడించవద్దు. తేలిన తరువాత తడవ తడవకు పాడించక, ఒక్కసారి శుభ్రంగా పాడించి కంప్యూటరులో భద్రపరచి, పిల్లలకు ఆ ప్రతిని వినిపించండి. వలస వచ్చిన మన పెద్దలు మూటలో కట్టి తెచ్చుకొన్న ఆస్తి భాష ఒక్కటే. అది మన చేతుల్లో, మన ముల్లు కింద అరిగిపోరాదు.