రాజధానియు, అద్దె యిల్లును
(తాడేపల్లిలో నొక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



కృష్ణకు ఉత్తరపు గట్టున బెజవాడ, దక్షిణపు గట్టున మన తాడేపల్లి. నడుమ 1957లో తెరువబడిన ప్రకాశము బరాజు. పాలనకు ఇవి రెండు జిల్లాల ఊళ్లు; అద్దెల విషయమున మాత్రము రెండును ఒక్క ఊరే. అచ్చట ఇల్లు దొరకనివాడు వంతెన దాటి యిచ్చటికి వచ్చును. ఇచ్చట అద్దె చెల్లింపలేనివాడు ఇంకను దూరముగా పోవును.

ఇటుక, సిమెంటుల ధరలే అద్దెలను పెంచుచున్నవని కొందఱందురు. అది సగము సత్యము. మనచోట అద్దెను నడపునది రాజకీయ నిర్ణయము. 2014లో రాష్ట్రము విడిపోయెను. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగెను. 2016లో ఉద్యోగులు హైదరాబాదు విడిచి వెలగపూడికి వచ్చిరి. జనము ఒక్కసారిగా వచ్చిపడిన, ఇండ్లు ఒక్కనాట మొలచునా? అద్దెలు ఎగసెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వెలువడగా పనులు నిలిచెను. అప్పుచేసి మేడలు కట్టినవారు అద్దెకు వచ్చువారికై ఎదురుచూచిరి. 2025 మే 2న పనులు మరల ప్రారంభమయ్యెను. ఈ యుయ్యాలలో యజమానియు సుఖపడలేదు, కాపురమున్నవాడును సుఖపడలేదు.

ఇది మనకు తొలి యనుభవము కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధానియైనపుడు కచేరీలను గుడారములలో నడుపవలసివచ్చెను. రాజధానిని నిర్ణయించుట సులభము. అందు పనిచేయువారికి నీడ కల్పించుట కష్టమని ఆ గుడారములే చెప్పినవి. ఆ పాఠమును మనము మఱచితిమి.

జీతగాని కష్టము కొంత తీరవచ్చును. అతనికి ఇంటియద్దె భత్యము కలదు. మేస్త్రీకి, సెంట్రింగు కూలికి, ఇండ్లలో పనిచేయు తల్లికి ఏ భత్యము కలదు? 2015లో భూసమీకరణ జరిగినపుడు భూమిలేని పేద కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయింపబడెను. పొలము పని పోయిన యా కుటుంబము అద్దెకు పోయినచో ఆ పైకములో మిగులున దెంత? రాజధానిని కట్టు చేతులకు రాజధానిలో తావులేకుండుట న్యాయమా?

ఇక ఒప్పందముల సంగతి. ఏడాదికి మించిన కవులు పత్రమును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. అందుచేతనే పదునొకండు నెలల కాగితము వాడుకలోనికి వచ్చినది. పండ్రెండవ నెల వచ్చుసరికి అద్దె పెంచుము, లేదా ఖాళీచేయుము! నివాస గృహమునకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కోరరాదని కేంద్రప్రభుత్వము 2021లో ఆమోదించిన నమూనా చట్టము చెప్పుచున్నది. నమూనా యొకరిని కాపాడదు, అమలు కాపాడును. అంతకన్న సిగ్గుచేటు, అద్దె యెంతయని మనము అడుగకముందే "మీరేమిట్లు?" అను ప్రశ్న. స్వరాజ్యము వచ్చి యిన్నేండ్లైనను ఇంటి తాళపుచెవి కులమును అడుగుచున్నది.

అద్దెలను శాసనముచే బిగించిన చాలునా? చాలదు. బొంబాయిలో 1947 నాటి చట్టము పాత యద్దెలను అట్లే నిలిపెను. మరమ్మతులకు చాలని రాబడితో ఎన్నియో చాళ్లు శిథిలమయ్యెను. వియన్నా నగరము వేఱు త్రోవ త్రొక్కెను. 1923లో గృహనిర్మాణపు పన్ను విధించి, ధనికుల భవనములపై హెచ్చుగాను, పేదల యిండ్లపై తక్కువగాను వసూలుచేసి, 1934 లోపల అఱువది వేలకు పైగా ఇండ్లు కట్టించి అద్దెకిచ్చెను. నేటికిని ఆ పురపాలకసంఘము చేత సుమారు 2,20,000 ఇండ్లు కలవు. పురమే పెద్ద యజమానియైనపుడు తక్కిన యజమానులు అద్దె నిష్టము వచ్చినట్లు పెంచజాలరు.

2021లో మంగళగిరి తాడేపల్లి నగరపాలకసంస్థ యేర్పడినది. రాజధాని భవనములతోపాటే కూలివానికి అద్దె యిండ్లు కట్టుట దాని ప్రథమ కర్తవ్యము కావలెను. యజమానులు చెల్లించిన యద్దెకు రసీదు నీయవలెను. కాపురమున్నవారు ఇంటిని తమదివలె కాపాడవలెను. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలనిరి. అద్దెకుండి చూడుమని వారనలేదు. ఆ మాటను మనము పాలకులకు చెప్పవలసియున్నది.