నాయనమ్మ నుదుటి మీద గీతలు

ముందు ఒక చిన్న పని చేయండి. రెంబ్రాంట్ తల్లి, 1628 అని సెర్చ్ చేసి ఆ బొమ్మ తెరవండి. అసలు ప్రింట్ ఆరున్నర సెంటీమీటర్లే, దాదాపు మీ ఫోన్ వెడల్పంత. అందుకే జూమ్ చేయకుండా చూడండి.

ఈ బొమ్మ నన్నెందుకు పట్టుకుందో చెప్తాను. పోయినేడాది మా నాయనమ్మ బొమ్మ ట్యాబ్ మీద వేశాను. గీత వణికితే యాప్ సరిచేసేస్తుంది కదా, ఆ ఆప్షన్ పెట్టుకునే వేశా. అందంగా ఉంటుందని ముడతలు సగం తగ్గించా. చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని, "ఎవర్రా ఈవిడ?" అంది. అందరం నవ్వేశాం గానీ, నాకు గుచ్చుకుంది. ఆవిడకి చూపు తగ్గుతోంది మరి.

రెంబ్రాంట్‌కి అప్పుడు ఇరవై ఒకటో ఇరవై రెండో. హాలండ్‌లో, లైడెన్ అనే ఊళ్ళో ఉన్నాడు. ఈ పద్ధతిని ఎచింగ్ అంటారు. రాగి రేకు మీద మైనం పొర పూసి, సూదితో ఆ మైనాన్ని గీకుతారు. తర్వాత యాసిడ్ పోస్తే, గీకిన చోటల్లా అది రాగిని తినేస్తుంది. ఆ గాళ్ళలో ఇంకు నింపి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కుతారు. ఎన్‌గ్రేవింగ్ అయితే రాగినే నేరుగా తవ్వాలి. బలం కావాలి, గీతలు పద్ధతిగా, బుద్ధిగా వస్తాయి. మెత్తటి మైనంలో సూదికి అడ్డేముంది? పెన్నుతో రాసినట్టే చెయ్యి పోతుంది. చెయ్యి వణికితే ఆ వణుకు కూడా రాగిలోకి దిగుతుంది.

ఇప్పుడు జూమ్ చేయండి. నుదురు చూడండి. ముడత అంటే ఒక పొడుగు గీత కాదు. సన్నటి చిన్న గీతలు, కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. వెలుగు పడిన చోట పలచబడిపోయాయి. వయసుని దాచలేదు, వెక్కిరించనూ లేదు.

1630లో తన ముఖాన్నే వేసుకున్నాడు, కళ్ళు పెద్దవి చేసి, మూతి చుట్టి. మన సెల్ఫీ పోజే! అది ఇంకా చిన్నది, సుమారు ఐదు సెంటీమీటర్లు. టోపీ కింద జుట్టు చూడండి, గజిబిజి గీతలంతే.

మొన్న ఆ ఆప్షన్ ఆపేసి నాయనమ్మని మళ్ళీ వేశాను. బ్రైట్‌నెస్ పెంచి చూపించా. చాలాసేపు చూసి, "నుదురు నాదేరా. ముక్కు కాదు" అంది.

ముక్కు మీద పని నడుస్తోంది. ఉంటాను మరి.