సుల్తాన్ ఖాన్ చదరంగ విజయములు - పోషకుల ధర్మము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



మాకు ముందు మాటలాడిన పెద్దలు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వేతన నిధులను గూర్చియు విశదముగా సెలవిచ్చియున్నారు. మేమును ఆ విషయమునే వేఱొక త్రోవను బట్టి విన్నవింపదలచితిమి. మేము చెప్పబోవునది ఒక చదరంగపు ఆటగాని చరిత్రము. ఇంతటి మహాసభలో ఆటల ప్రసంగమేల యని కొందఱకు తోపవచ్చును. ప్రజ్ఞ గలవానికిని ధనము గలవానికిని పొత్తు కుదిరినచో ఎంతటి కార్యము సాధ్యమగునో, ఆ పొత్తు ఒక్క మనుష్యునిపైననే నిలిచియున్నచో అది యెంత త్వరలో ముగియునో ఈ చరిత్రము తేటపఱచును. కావున కొంచెము సేపు ఓపికతో ఆలకింప ప్రార్థించుచున్నాము.

ఆ ఆటగాని పేరు మీర్ సుల్తాన్ ఖాన్. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో పంజాబు దేశమున, నేడు పాకిస్థానునకు చెందిన ఖుషాబు ప్రాంతమందలి మిఠా తివానా యను గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రియొద్ద చదరంగము నేర్చుకొనెను. ఇరువది యేండ్లు దాటునప్పటికి పంజాబులో ఆతనికి సాటివచ్చు ఆటగాడు లేడని పేరు వచ్చెను. అయితే ఆతడు నేర్చినది మన దేశపు పాత పద్ధతి యాట. మన తాతలు అరుగులపై ఆడిన ఆటలో బంటు మొదటి ఎత్తున రెండు గడులు దుముకదు. ఒక్కొక్క గడియే నడచును. రాజును ఏనుగు చాటునకు చేర్చు పాశ్చాత్యుల ఎత్తు ఇందులో లేదు. రాజు ఒక్కసారి మాత్రము గుఱ్ఱపు నడక నడువవచ్చును. బంటు తుదిగడిని చేరినపుడు ఏ బలముగా మారవలెనన్న విషయమునను నియమములు వేఱు. ఈ కారణములచేత మన యాట మెల్లగా సాగును. ఓర్పు గలవాడే గెలుచును. ఆ ఓర్పు సుల్తాన్ ఖాన్ నకు ఉగ్గుపాలతోనే అబ్బినది.

ఆ ప్రాంతమున సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా యను గొప్ప భూస్వామి యుండెను. ఆయన చదరంగ ప్రియుడు. ఈ యువకుని ప్రజ్ఞను గుర్తించి, తన ఆశ్రయమున చేర్చుకొని, పాశ్చాత్య పద్ధతి యాటను నేర్పించెను. 1928 సంవత్సరమున జరిగిన అఖిలభారత పోటీలో సుల్తాన్ ఖాన్ ఎనిమిది ఆటలు గెలిచి, ఒకటి సమము చేసి, ఒక్కటియు ఓడక ప్రథముడయ్యెను. మఱుసటి యేడు, 1929 వసంతకాలమున, పోషకుడు ఆతనిని లండను నగరమునకు తోడ్కొని పోయెను.

అచ్చట ఆతనికి అలవాటు కలుగుటకై ఒక చిన్న పోటీని ఏర్పాటుచేసిరి. అందులో ఆతడు కడపటి స్థానమున నిలిచెను! ఇందుకు కారణము లేకపోలేదు. పాశ్చాత్యులు ఆటయొక్క తొలి పది పండ్రెండు ఎత్తులను గూర్చి తరతరములుగా గ్రంథములు వ్రాసియుంచిరి. ఆ గ్రంథములను చదివి నేర్చినవాడు కాడు సుల్తాన్ ఖాన్. కావున ఆరంభముననే ఇక్కట్టునబడి, తరువాత స్వశక్తిచే బయటపడవలసి వచ్చెడిది. అపుడు ఆంగ్ల ఆటగాండ్రగు యేట్సు, వింటరు అను నిరువురు ఆతనికి తోడై సాధన చేయించిరి. వారు ఆతనికి పోటీదారులేయైనను విద్యను దాచుకొనలేదు. కొలది మాసములలో రామ్సుగేటు పట్టణమున జరిగిన బ్రిటిషు ఛాంపియను పోటీలో ఆతడే ప్రథముడయ్యెను. పాశ్చాత్య పద్ధతి నేర్చి కొలది యేండ్లయినను కాని యువకుడు ఆ దేశపు ఛాంపియనగుటను చూచి ఆంగ్లేయులు విస్మితులైరి.

ఆ తరువాతి విజయములను క్లుప్తముగా మనవి చేసెదము. 1930లో బెల్జియము దేశపు లియేజు పోటీలో టార్టకోవరు ప్రథముడుకాగా సుల్తాన్ ఖాన్ ద్వితీయుడు. 1931లో అదే టార్టకోవరుతో ముఖాముఖిగా పండ్రెండు ఆటల పోటీ జరుగగా నాలుగు గెలిచి, మూడు ఓడి, అయిదు సమము చేసి జయము పొందెను. 1932లో బెర్ను పోటీలో నాలుగవ స్థానము. అదే యేడు లండనులో ప్రపంచ ఛాంపియను అలేఖిను ప్రథముడుగను, ఫ్లోరు ద్వితీయుడుగను నిలువగా, అమెరికా వాడగు కష్డానుతో కలసి మూడవ స్థానము. ఫ్లోరుతో ఆడిన ఆరు ఆటల పోటీలో మాత్రము ఒకటి గెలిచి, రెండు ఓడి, మూడు సమము చేసి స్వల్పముగా వెనుకబడెను. బ్రిటిషు ఛాంపియను పదవిని 1932, 1933 సంవత్సరములలో మరల గెలుచుకొనెను. దేశముల నడుమ జరుగు చదరంగపు ఒలింపియాడులలో ఇంగ్లండు జట్టునకు మొదటి బల్లపై కూర్చుండినవాడు ఈ పంజాబు వాసియే. మొదటి బల్ల యనగా ప్రతి దేశముయొక్క ఉద్దండుని ఎదుర్కొనవలసిన చోటు. 1930లో హాంబర్గునందు పదునేడు ఆటలలో 11 పాయింట్లు, 1931లో ప్రేగునందు పదునేడింట 11½ పాయింట్లు, 1933లో ఫోక్‌స్టనునందు పదునాలుగింట 7 పాయింట్లు ఆర్జించెను. ప్రేగులో ఫ్లోరును, రూబిన్‌స్టెయినును ఓడించి, అలేఖినుతో సమముగా ఆడెను.

వీనియన్నింటిలో ఒక్క ఆటను ప్రత్యేకించి చెప్పక తీరదు. 1930-31 హేస్టింగ్సు పోటీలో ఆతనికి ఎదురుగా కూర్చుండినవాడు క్యూబా దేశీయుడగు కాపాబ్లాంకా. ఆయన 1921 మొదలు 1927 వఱకు ప్రపంచ ఛాంపియను. 1916 నుండి 1924 వఱకు ఎనిమిదేండ్లపాటు ఒక్క ఆటయైనను ఓడని మేటి. అట్టి మహావీరుని సుల్తాన్ ఖాన్ తొందరపడక, ఆడంబరము లేక, కొంచెము కొంచెముగా ఊపిరాడకుండ చేసి, అఱువదికి పైగా ఎత్తులు సాగిన ఆటలో ఓడించెను. ఆ పోటీలో యూవే, కాపాబ్లాంకాల తరువాత మూడవవాడుగా నిలిచెను. ఓడిన కాపాబ్లాంకాయే తరువాత ఈతని ప్రజ్ఞ అసాధారణమని మెచ్చుకొనెను. ఓడినవాని మెప్పుకంటె గెలిచినవానికి వేఱు బిరుదేల?

ఈ విజయములు సుఖముగా లభించినవి కావు. ఇంగ్లండు చలి ఆతనికి పడలేదు. మలేరియా జ్వరము, కంఠరోగము తఱచుగా బాధించుచుండెను. మెడకు గుడ్డ చుట్టుకొని వచ్చి బల్లముందు కూర్చుండిన దినములు పెక్కు. అదే గృహమున ఆశ్రయము పొందియుండిన ఫాతిమా యను యువతి 1933లో బ్రిటిషు స్త్రీల పోటీలో పది గెలిచి, ఒకటి సమము చేసి, ఒక్కటియు ఓడక ఛాంపియనయ్యెను. అవకాశము లభించినచో మన దేశపు స్త్రీలు ఎవ్వరికిని తీసిపోరనుటకు ఇదియొక దృష్టాంతము. ఈ సభకు విచ్చేసిన సోదరీమణులు ఈ పేరును గుర్తుంచుకొందురు గాక.

మఱి తరువాత నేమయ్యెను? 1933 డిసెంబరులో పోషకుడు స్వదేశమునకు మరలెను. ఆటగాడును వెంట మరలెను. 1935లో ఖాదిల్కరు అను ఆటగానితో పది ఆటలాడి, తొమ్మిది గెలిచి, ఒకటి సమము చేసెను. అటుపిమ్మట పెద్ద పోటీలలో ఆతని పేరు వినబడలేదు. పాశ్చాత్య రంగమున ఆతడు మెలగినది అయిదేండ్లయినను నిండలేదు. ఒకరిచే ఓడింపబడి విరమించెనా? లేదు. ప్రజ్ఞ తఱిగి విరమించెనా? అదియును కాదు. తోడ్కొనిపోయినవాడు తిరిగివచ్చెను గనుక ఆట ముగిసెను. ఆతడు తన గ్రామ ప్రాంతముననే సేద్యము చూచుకొనుచు కాలము గడిపి 1966లో క్షయరోగముచే మరణించెను. తన బిడ్డలకు చదరంగము నేర్పక, మీరు ఇంతకంటె ఉపయోగమైన పని చేయుడని బోధించెనని ఆతని కుమారుడు చెప్పియున్నాడు. కాపాబ్లాంకాను గెలిచినవాని నోట ఈ మాట వచ్చుట విన్నచో మనసు కలగకుండునా?

ఆతడు ఆ యింట కేవలము సేవకుడని పాశ్చాత్య రచయితలు చిరకాలము వ్రాసిరి. ఛాంపియనే అతిథులకు వడ్డన చేసెనని అమెరికా ఆటగాడు ఫైను వ్రాసెను. ఆతని వంశీయులు ఈ మాటను ఖండించి, తమ పెద్ద గౌరవముగల కుటుంబమువాడని చెప్పుచున్నారు. ఏది యెట్లున్నను ఒక్క సంగతి నిశ్చయము: తరువాతి పోటీకి పోవుటయు మానుటయు ఆతని చేతిలో లేదు. లోకము ఆతనిని మఱచుటయు అట్లే జరిగెను. 1950లో ప్రపంచ చదరంగ సంస్థ మొదటిసారి గ్రాండ్‌మాస్టరు బిరుదుల నొసగినపుడు ఇరువది యేడుగురిలో ఆతని పేరు లేదు. 2024 ఫిబ్రవరిలో, మరణించిన ఏబదియేడేండ్ల తరువాత, ఆ సంస్థ గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదము నిచ్చి ఋణము తీర్చుకొనెను. బిరుదము వచ్చెను గాని అందుకొనువాడు లేడు.

పోషకులారా! మేము సర్ ఉమర్ హయాత్ ఖానును నిందింప నిలువలేదు. ఆయన లేనిచో సుల్తాన్ ఖాన్ మిఠా తివానా పొలిమేర దాటెడివాడు కాడు. ప్రజ్ఞను గుర్తించు కన్ను, దానికై వ్యయపఱచు చేయి, ఈ రెండును ఆయనకు కలవు. లేనిదొక్కటే: తాను తప్పుకొనినను సాగునట్టి ఏర్పాటు. దీపము పెట్టినవాడు తనతోపాటు ప్రమిదను గూడ తీసికొనిపోయిన, వెనుకనున్నవారికి చీకటియే గదా!

మన తెలుగుదేశముననే వేఱొక దృష్టాంతము కలదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరయ్యెను. ఆమె తండ్రి ఉద్యోగమును విడిచి తానే గురువై నేర్పెను. ఆమె 2019లోను, మరల 2024లోను ప్రపంచ వేగ చదరంగ ఛాంపియనయ్యెను. ఇచ్చట తండ్రి త్యాగము తోడయ్యెను. వెనుక సంస్థలును, క్రమమైన పోటీలును, బిరుదుల నియమములును నిలిచియుండెను. సుల్తాన్ ఖాన్‌నకు ఈ ఆధారములలో ఒక్కటియు లేదు. ఇదియే భేదము.

కావున మా విన్నపములు మూడు. ఒక బాలునకో బాలికకో సాయము చేయ దలచినవారు ఆ సాయమును తమ పేరనేగాక నిధి పేరను ఉంచవలెను. దాత ఊరు విడిచినను, కాలధర్మము నొందినను అది ఆగరాదు. రెండవది, పుస్తకమును, గురువును, ఆరోగ్యమును గూర్చి ధనముతోపాటు శ్రద్ధ వహింపవలెను. ప్రజ్ఞ యొక్కటే చాలునని వదలివేసిన, అది మెడకు గుడ్డ చుట్టుకొని చలిలో కూర్చుండును. మూడవది, సాయము పొందువాని అభీష్టమును అడిగి తెలిసికొనవలెను. ఎంతవఱకు చదువవలెనో, ఎచ్చటికి పోవలెనో నిర్ణయించుటలో వాని మాటయు చెల్లవలెను. ఆశ్రితుడుగా వచ్చినవాడు స్వతంత్రుడై వెడలినపుడే దానము సఫలమగును.

మన ఊళ్ల అరుగులపై నేడును ఎందఱో సుల్తాన్ ఖానులు బంట్లను నడుపుచుందురు. వారిని గుర్తించు కన్ను మనకు కలుగుగాక. గుర్తించిన పిదప చేయి విడువని నియమమును కలుగుగాక.