అన్న మాట పుస్తకంలో ఉండాలి

(పాల ఉత్పత్తిదారుల సంఘాల పాలకవర్గ సభ్యులకు, కార్యదర్శులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం ‘మినిట్స్ పుస్తకం - నిర్వహణ’. ఈ పేరు వినగానే నిద్ర వస్తుందని నాకు తెలుసు. అందుచేత నిబంధనలు చదవకుండా ముందు నా తప్పు ఒకటి చెబుతాను. తరువాత మన రాజ్యాంగం తయారైన రోజుల్లో ఒక కమిటీ గదిలో జరిగిన సంగతి చెబుతాను. రెండింటికీ సంబంధం ఏమిటో చివరకు మీకే తెలుస్తుంది.

సుమారు పన్నెండేళ్ళ క్రితం ఒక గ్రామ సంఘంలో పాలకవర్గ సమావేశం జరిగింది. సభ్యురాలైన ఒక సోదరి లేచి, “మా గేదె ఒకటే, మేత ఒకటే. నిన్నటి వెన్న శాతానికీ ఈనాటి దానికీ ఇంత తేడా ఎందుకు వస్తోంది? నలుగురి ముందు ఒకసారి పరీక్ష చేయించండి” అని అడిగింది. చూద్దాంలే అన్నారు. పుస్తకంలో మాత్రం “అజెండాలోని అన్ని అంశాలు ఏకగ్రీవంగా ఆమోదించబడినవి” అని రాశారు.

రెండేళ్ళు గడిచాయి. పాలు పోసేవారు సగానికి తగ్గారు. ఫిర్యాదు వచ్చింది, విచారణకు నన్ను పంపారు. పాలకవర్గానికి ఈ సంగతి ముందే తెలుసా, తెలిసీ ఊరుకుందా అన్నది తేలాలి. పుస్తకం తిరగవేశాను. ఒక్క ముక్క లేదు. ఆ సోదరిని పిలిపిస్తే, “నేను చెప్పానయ్యా. మరి రాయలేదా?” అన్నది. ఆ పేజీ అడుగున ‘తనిఖీ చేయడమైనది’ అని ఎర్ర సిరాతో ఒక సంతకం ఉంది. అది నాదే. ఏకగ్రీవం అన్న మాట చూసి, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడగకుండా సంతకం పెట్టి వచ్చాను. ఆధారం లేక విచారణ ఎటూ తేలలేదు. సభ్యులకు రావలసిన సొమ్ము రాలేదు. ఆమె గేదెను అమ్మివేసింది.

ఇక రెండవ సంగతి. 1947 ఫిబ్రవరిలో రాజ్యాంగ సభ తరఫున ప్రాథమిక హక్కుల ఉపసంఘం పని మొదలుపెట్టింది. అధ్యక్షుడు ఆచార్య కృపలానీ. డాక్టర్ అంబేద్కర్, కె.ఎం. మున్షీ, మన నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి ఉద్దండులు సభ్యులు. వారి మధ్య ఇద్దరు స్త్రీలు ఉన్నారు: రాజకుమారి అమృత్ కౌర్, శ్రీమతి హంసా మెహతా. హంసా మెహతా 1897లో సూరత్‌లో పుట్టారు. బొంబాయి శాసనమండలిలో పనిచేసిన అనుభవం ఉన్నవారు.

రాజ్యాంగ సభలో బహిరంగంగా చేసిన ప్రసంగాలు దేశమంతా వింటుంది. ఉపసంఘం అలా కాదు. తలుపులు వేసుకుని, బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్క మాట పట్టుకుని చర్చించే చోటు అది. చప్పట్లు ఉండవు. కాని అసలు పని జరిగేది అక్కడే.

మత స్వేచ్ఛ గురించి ముసాయిదా తయారవుతున్నది. ప్రతివారికీ తమ మతాన్ని స్వేచ్ఛగా ఆచరించే హక్కు ఉండాలన్నది అందులోని మాట. వినడానికి ఎంతో బాగుంది. ఈ ఇద్దరు సోదరీమణులకు మాత్రం ఆ ‘ఆచరణ’ అన్న మాట దగ్గర అనుమానం వచ్చింది. ఆచారం పేరుతోనే కదా బాల్య వివాహాలు, దేవదాసీ పద్ధతి, పరదా సాగుతున్నవి! రేపు ఎవరైనా కోర్టుకు వెళ్ళి ఇది మా మతాచారం, ఇది మా హక్కు అంటే గతి ఏమిటి? 1856 నాటి వితంతు వివాహ చట్టం, 1929 నాటి శారదా చట్టం ఏమైపోతాయి? ఇదీ వారి ప్రశ్న.

వారు అనవలసింది అని ఊరుకోలేదు. ఆ సంవత్సరం మార్చి 31న అమృత్ కౌర్ ఈ అభ్యంతరాన్ని రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావుగారికి లేఖగా రాశారు. హంసా మెహతా ఆమెతో నిలబడ్డారు. అల్లాడి వారు కూడా ఇందులో సబబు ఉందన్నారు. ఏప్రిల్‌లో సలహా సంఘం నివేదిక వచ్చేనాటికి ఒక వాక్యం చేరింది: మతాచరణ హక్కు, సాంఘిక సంక్షేమం కోసం, సంస్కరణ కోసం ప్రభుత్వం చట్టాలు చేయడానికి అడ్డు కాదని దాని భావం. అదే నేడు రాజ్యాంగంలో 25వ అధికరణం రెండవ ఖండంలో ఉన్నది. 1988లో మన ఆంధ్రప్రదేశ్‌లో జోగినీ, బసివి వంటి దురాచారాలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. అటువంటి చట్టాలకు రాజ్యాంగంలో చోటు చూపే వాక్యం అది.

అన్నింటా వారి మాటే నెగ్గలేదు సుమండీ. పౌరులందరికీ ఒకే పౌరస్మృతి కల్పించే బాధ్యతను హక్కుల అధ్యాయంలోనే చేర్చాలని హంసా మెహతా, అమృత్ కౌర్, మీనూ మసానీ కోరారు. అధిక సంఖ్యాకులు ఒప్పుకోలేదు. అది ఆదేశిక సూత్రాలలోకి వెళ్ళింది. నేటి 44వ అధికరణం అదే. అందులో ఎవరిది ఒప్పు అన్నది నేటి మన విషయం కాదు. ఓడిన ఆ ముగ్గురూ ఏం చేశారన్నది మనకు కావాలి. వారు అలిగి లేచి వెళ్ళలేదు. మా అసమ్మతి ఇది, మా కారణాలు ఇవి అని రాసి ఇచ్చారు. ఆ కాగితాలన్నీ 1960లలో బి. శివరావుగారి సంపాదకత్వంలో అచ్చయ్యాయి. కనుకనే ఇన్నేళ్ళ తరువాత నేను మీ ముందు నిలబడి, ఆ గదిలో ఎవరు ఏమన్నారో చెప్పగలుగుతున్నాను.

ఈనాటి పార్లమెంటులోనూ వరుస అదే. 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు పనిచేస్తున్నవి. ఇప్పుడు అవి 24. ఒక్కొక్కదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. సమావేశాలు తలుపుల చాటునే జరుగుతాయి. సాక్షులు వచ్చినప్పుడు అక్షరం పొల్లు పోకుండా రాసుకుంటారు. ప్రజలకు అందేది నివేదిక, దానితో క్లుప్తమైన మినిట్స్. బిల్లును పరిశీలించే సంఘంలో ఒప్పుకోని సభ్యుడు అసమ్మతి పత్రం జతచేయవచ్చు. మన రంగానికి చెందిన బహుళ రాష్ట్ర సహకార సంఘాల సవరణ బిల్లు కూడా 2022 డిసెంబరులో సంయుక్త సంఘానికి వెళ్ళి, 2023 మార్చిలో నివేదికతో తిరిగి వచ్చి, తరువాతనే చట్టమయింది.

అంత పెద్ద సభలకే అసమ్మతిని రాసిపెట్టుకోవడం అవసరమైనప్పుడు, మన తొమ్మిదిమంది పాలకవర్గానికి ‘ఏకగ్రీవం’ మీద అంత మోజు ఎందుకు? ఎవరైనా కాదంటే సంఘానికి చెడ్డపేరు వస్తుందని కొందరు అధ్యక్షుల భయం. తనిఖీదారుగా నా అనుభవం వేరు. పదేళ్ళపాటు ప్రతి పేజీలోనూ ఏకగ్రీవమే కనిపించే పుస్తకాన్ని చూస్తే ఇప్పుడు నాకు అనుమానం పుడుతుంది.

కార్యదర్శులకు నా మనవి ఇది. సభ్యుడు అన్నదంతా రాయనక్కరలేదు. కోపంలో అన్న మాటలు అసలే వద్దు. ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు, కాదన్నవారి పేరు, కారణం ఒక్క వాక్యం, చివరకు ఎటు ఎందరన్నది రాయండి. చాలు. ఉదాహరణకు: “వెన్న శాతం తేడాలపై ఫలానా సభ్యురాలు అభ్యంతరం తెలిపి, సభ్యుల సమక్షంలో తిరిగి పరీక్ష జరపాలని కోరినారు. చర్చించి, వచ్చే సోమవారం ఉదయం పరీక్ష జరుపుటకు తీర్మానించడమైనది.” రెండే వాక్యాలు. ఆనాడు ఈ రెండు వాక్యాలు ఉండి ఉంటే నా విచారణకు ఆధారం దొరికేది.

సమావేశం మొదట్లో గత సమావేశపు మినిట్స్ పైకి చదవండి. మనలో చదువురాని సభ్యులు ఉన్నారు. తమ మాట పుస్తకంలోకి ఎక్కిందో లేదో వారికి తెలిసే దారి అదొక్కటే. చదివిన తరువాతనే అధ్యక్షుడు సంతకం చేయాలి. తీర్మానానికీ సంతకానికీ మధ్య ఖాళీ జాగా వదలవద్దు. కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం ఉండాలి.

సభ్యులకు, ముఖ్యంగా సోదరీమణులకు ఒక మాట. మీ అభ్యంతరం చెప్పి కూర్చోకండి. “నా మాట నమోదు చేయండి, ఒకసారి చదివి వినిపించండి” అని మర్యాదగా అడగండి. ఓటులో ఓడిపోతే తీర్మానానికి కట్టుబడండి; అది సహకార ధర్మం. కాని ఓడిన మాట కూడా పుస్తకంలో ఉండనివ్వండి. రేపటి పాలకవర్గానికి అది పనికిరావచ్చు.

పోసిన పాలకు మీరు స్లిప్పు అడిగి తీసుకుంటారు. అన్న మాటకు స్లిప్పు మినిట్స్ పుస్తకమే. దాన్నీ అడగండి.

ఇక నా సంగతి. ఆనాటి నుంచి నేను ఏ సంఘానికి వెళ్ళినా పుస్తకం మూసి, ముందు సభ్యులను అడుగుతున్నాను: “మొన్నటి సమావేశంలో ఎవరు ఏమన్నారు?” తరువాతనే పుస్తకం తెరుస్తున్నాను. రెండూ కలిస్తేనే ఎర్ర సిరా కలం బయటకు తీస్తున్నాను. వచ్చే నెల మీ సంఘాలకు వచ్చినప్పుడు ఇదే అడుగుతానని ముందుగా మనవి చేస్తున్నాను.